బెంచీ మీద నోరు జారితే పాయింట్ ఎవరికి పోతుంది? బాస్కెట్‌బాల్ రెఫరీలు ఫిర్యాదులను ఎలా చూస్తారంటే..

మా ఆపా కొడుకు తిరుమలగిరిలో తొమ్మిదో తరగతి. పొడుగ్గా ఉన్నాడని పీఈటీ సార్ బాస్కెట్‌బాల్ టీంలోకి తీసుకున్నాడు. మొన్న ఒక స్కూల్ పోటీకి వెళ్లొచ్చి రాత్రి నాకు ఫోన్ చేశాడు. గొంతులో ఏడుపు ఉంది.

"మామూ, మాట అన్నోడు బయట కూర్చున్నోడు. ఆడేటోళ్లం మేం. పాయింట్ మాకెందుకు పోయింది?"

నిదానంగా అడిగితే విషయం బయటికొచ్చింది. స్కోర్ 38-38. ఆట ముగియడానికి 18 సెకన్లే ఉంది. మనవాడు బుట్ట వైపు దూసుకెళ్తూ ఎదుటి పిల్లవాణ్ని గుద్దాడు. రెఫరీ సీటీ కొట్టి, తప్పు గుద్దినవాడిదే అన్నాడు. బంతి అవతలి జట్టుకు పోయింది. అప్పుడు బెంచీ మీద కూర్చున్న మన రిజర్వ్ ఆటగాడు లేచి, టవల్ నేలకు కొట్టి "కళ్లు కనబడతలేవా?" అని అరిచాడు. రెఫరీ ఒక అరచేతి మీద ఇంకో చేతివేళ్లు నిలబెట్టి ఇంగ్లిష్ 'టి' అక్షరం గుర్తు చూపించాడు. టెక్నికల్ ఫౌల్. అవతలివాళ్లకు ఒక ఫ్రీ త్రో. అది పడింది. 38-39. తర్వాత బంతి కూడా వాళ్లకే. మనవాళ్లు లాక్కోలేకపోయారు. ఆట అయిపోయింది.

ఆ అరుపు లేకపోతే ఏమయ్యేది? బంతి తమ చేతిలో ఉండగా చేసిన ఫౌల్‌కు ఫ్రీ త్రో ఉండదు. బంతి మాత్రమే పోయేది, స్కోర్ సమానంగానే ఉండేది. గెలిచేవారో ఓడేవారో తెలియదు గానీ, ఆ ఒక్క పాయింట్ మాత్రం నోటితోనే పోయింది.

మా వైపు కబడ్డీ అంటే అందరికీ తెలుసు. 2021 మార్చిలో జాతీయ జూనియర్ కబడ్డీ పోటీలు సూర్యాపేటలోనే పెట్టారు, ప్రారంభం రోజే గ్యాలరీ కూలిన సంగతి ఎవరూ మర్చిపోలేదు. వాలీబాల్ తెలుసు, క్రికెట్ సరేసరి. బాస్కెట్‌బాల్ నిబంధనలు మాత్రం చాలామంది తల్లిదండ్రులకు కొత్త. అందుకే పిల్లవాడి ప్రశ్నకు జవాబు వెతుకుతూ నేను చదివింది ఇక్కడ రాస్తున్నాను. ఇందులో చెప్పేవి అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య 'ఫిబా' 2024 ఎడిషన్ నిబంధనలు. మన దేశంలోనూ ఆట ఈ పుస్తకం ప్రకారమే నడుస్తుంది. స్కూల్ పోటీల్లో ఆట సమయం లాంటివి నిర్వాహకులు కొంచెం మారుస్తారు, అంతే.

ముందు ఎవరు ఎవరో తెలుసుకుందాం

కోర్టులో ఇద్దరు లేదా ముగ్గురు రెఫరీలు ఉంటారు. వాళ్లలో పెద్దను క్రూ చీఫ్ అంటారు. గీత బయట టేబుల్ దగ్గర స్కోర్ రాసేవారు, గడియారం చూసేవారు, 24 సెకన్ల గడియారం నడిపేవారు కూర్చుంటారు. టేబుల్‌కు అటు ఒక బెంచీ, ఇటు ఒక బెంచీ. బెంచీ మీద హెడ్ కోచ్, అసిస్టెంట్ కోచ్, రిజర్వ్ ఆటగాళ్లు, ఐదు ఫౌల్స్ అయి బయటికొచ్చినవాళ్లు, మేనేజర్, ఫిజియో లాంటివాళ్లు ఉంటారు.

వీళ్లందరిలో రెఫరీతో మాట్లాడే హక్కు ఇద్దరికే ఉంది. కోర్టులో కెప్టెన్, బెంచీ నుంచి హెడ్ కోచ్. వాళ్లు కూడా ఎప్పుడు పడితే అప్పుడు మాట్లాడకూడదు. బంతి ఆగి ఉండాలి, గడియారం ఆగి ఉండాలి. మర్యాదగా అడగాలి. అడిగేది సమాచారం కోసం అయ్యుండాలి. అసిస్టెంట్ కోచ్ తన ఆటగాళ్లతో మాట్లాడొచ్చు, రెఫరీతో మాట్లాడకూడదు. ఆట నడుస్తుంటే హెడ్ కోచ్, అసిస్టెంట్ కోచ్‌లలో ఒక్కరే నిలబడాలి, ఇద్దరూ ఒకేసారి నిలబడొద్దు. నిలబడ్డవారు కూడా తమ బెంచీ గీతలు దాటి రాకూడదు.

అంటే మన రిజర్వ్ పిల్లవాడికి ఆ మాట అనే హక్కే లేదు. మర్యాదగా అడిగినా అది అతని పని కాదు.

రెఫరీ వెంటనే శిక్ష వేస్తాడా?

వెయ్యడు. మంచి రెఫరీ ముందు వింటాడు. బెంచీ నుంచి వచ్చే మాటలు అన్నీ ఒక రకం కాదని అతనికి తెలుసు.

ఒకటి, ప్రశ్న. "సార్, ఫౌల్ ఎవరి మీద రాశారు?", "మాకు ఇంకా ఎన్ని టైం అవుట్లు ఉన్నయి?" ఇలాంటివాటికి బంతి ఆగినప్పుడు రెఫరీ రెండు ముక్కల్లో జవాబు చెప్తాడు. జవాబు చెప్తే సగం వేడి అక్కడే తగ్గుతుంది.

రెండు, ఆవేశంలో వచ్చే అరుపు. "అయ్యో, అది ఫౌల్ కదా!" అని చేతులు పైకెత్తడం. ఇది బాధ, తిట్టు కాదు. చాలావరకు రెఫరీ విననట్టే ఉంటాడు. నిబంధనల పుస్తకమే ఇందుకు ఒప్పుకుంది. కావాలని చేయని చిన్న తప్పును, ఆట మీద నేరుగా ప్రభావం లేకపోతే రెఫరీ చూసీచూడనట్టు వదిలేయొచ్చు, లేదా హెచ్చరికతో ఆపొచ్చు అని రాసుంది. హెచ్చరించిన తర్వాత అదే తప్పు మళ్లీ చేస్తే మాత్రం వదలకూడదు.

మూడు, ఆగకుండా సాగే గొణుగుడు. ప్రతి సీటీకీ ఒక వ్యాఖ్య. ఇక్కడ రెఫరీ ఆట ఆగినప్పుడు హెడ్ కోచ్ దగ్గరికి వచ్చి "కోచ్, మీ బెంచీని మీరు చూసుకోండి, ఇంక చాలు" అని చెప్తాడు. గొణిగింది ఎవరైనా, చెప్పేది హెడ్ కోచ్‌కే. ఎందుకంటే బెంచీకి జవాబుదారీ ఆయనే.

నాలుగు, అవమానం. రెఫరీని వ్యక్తిగతంగా అనడం, టవల్ విసరడం, జనాన్ని రెచ్చగొట్టేలా చేతులు ఊపడం. దీనికి ముందు హెచ్చరిక ఉండాలన్న షరతు లేదు. నేరుగా టెక్నికల్ ఫౌలే. మన మ్యాచ్‌లో జరిగింది ఇదే.

ఇక్కడ తల్లిదండ్రులు ఒక విషయం గమనించాలి. రెఫరీలకు శిక్షణలో నేర్పే పద్ధతి ఏంటంటే, ప్రశ్నకు జవాబివ్వు, వ్యాఖ్యకు జవాబివ్వకు. "సార్, ఆయన కాలు గీత మీద ఉందా?" అన్నది ప్రశ్న. "మీరు వాళ్ల వైపే ఉన్నారు" అన్నది వ్యాఖ్య. రెండోదానికి రెఫరీ జవాబు చెప్పడం మొదలుపెడితే అది వాదన అవుతుంది, ఆట ఆగిపోతుంది. అందుకే అతను ముఖం తిప్పుకుని పోతాడు. దాన్ని మనం పొగరు అనుకుంటాం.

ఎవరి ఖాతాలో పడుతుంది?

నేను బీకాం చదివినవాణ్ని. స్కోర్ షీట్ చూస్తే నాకు లెడ్జర్ లాగానే కనిపించింది. ప్రతి ఆటగాడికి ఒక వరుస, కింద హెడ్ కోచ్‌కు ఒక వరుస. ఎవరు తప్పు చేసినా ఏదో ఒక ఖాతాలో రాయాల్సిందే.

కోర్టులో ఆడుతున్న ఆటగాడు రెఫరీని ఏమన్నా అంటే అతని వరుసలో 'టి' అని రాస్తారు. అది అతని ఐదు ఫౌల్స్‌లో ఒకటిగా లెక్క. ఆ క్వార్టర్‌లో జట్టు ఫౌల్స్‌లోనూ కలుస్తుంది. జట్టు ఫౌల్స్ నాలుగు దాటితే ఆ తర్వాత మనం ఆడే మామూలు ఫౌల్స్‌కు కూడా అవతలివాళ్లకు రెండేసి ఫ్రీ త్రోలు వస్తాయి. అంటే 'టి' ఖర్చు ఆ ఒక్క పాయింట్‌తో ఆగకపోవచ్చు.

హెడ్ కోచ్ స్వయంగా తప్పు చేస్తే ఆయన వరుసలో 'సి' రాస్తారు. బెంచీ మీద ఇంకెవరు చేసినా, అసిస్టెంట్ అయినా, రిజర్వ్ ఆటగాడైనా, ఫిజియో అయినా, అది కూడా హెడ్ కోచ్ వరుసలోనే 'బి' అని పడుతుంది. ఈ రెండూ జట్టు ఫౌల్స్‌లో కలవవు.

శిక్ష మాత్రం మూడింటికీ ఒకటే, అవతలి జట్టుకు ఒక ఫ్రీ త్రో. ఎవరు వెయ్యాలో వాళ్ల కోచ్ ఇష్టం, కాబట్టి గురి బాగా ఉన్నవాణ్నే పంపుతాడు. పక్కన వరుసకట్టి రీబౌండ్ కోసం ఎగిరేవాళ్లు ఉండరు. ఫ్రీ త్రో తర్వాత, అంతకుముందు బంతి ఎవరిదో వాళ్లకే ఇచ్చి ఆట మొదలుపెడతారు. మన మ్యాచ్‌లో బంతి అప్పటికే అవతలివాళ్లది అయిపోయింది. అందుకే పాయింటూ వాళ్లకే, బంతీ వాళ్లకే దక్కింది. రెఫరీ రెండు శిక్షలు వేశాడని మావాడు అనుకున్నాడు. వేసింది ఒకటే.

ఖాతా నిండితే హెడ్ కోచ్ బయటికి వెళ్లాలి. లెక్క ఇది:

- ఆయన సొంత తప్పులు, అంటే 'సి'లు రెండు అయితే బయటికి.
- మూడూ 'బి'లు అయినా, లేదా రెండు 'బి'లు ఒక 'సి' అయినా బయటికి.
- ఆటగాడికి రెండు 'టి'లు అయితే ఆ ఆటగాడు బయటికి.

బయటికి అంటే బెంచీ చివర కూర్చోవడం కాదు. డ్రెస్సింగ్ రూంకు పోవాలి, లేదంటే ఆవరణ వదిలి వెళ్లాలి. మరీ దారుణంగా ప్రవర్తిస్తే ఈ లెక్కలేవీ చూడకుండా ఒకేసారి బయటికి పంపే డిస్‌క్వాలిఫయింగ్ ఫౌల్ వేరే ఉంది.

ఇంకొక ముఖ్యమైన నిబంధన పిల్లలకు తప్పకుండా చెప్పాలి. కోర్టులో కొట్లాట మొదలైతే బెంచీ మీదున్నవాళ్లు గీత దాటి లోపలికి పోకూడదు. విడిపించడానికి వెళ్లామన్నా ఒప్పుకోరు, దాటినవాళ్లను ఆట నుంచి పంపేస్తారు. రెఫరీలకు సాయంగా హెడ్ కోచ్, మొదటి అసిస్టెంట్ కోచ్ మాత్రమే లోపలికి రావొచ్చు. మన పిల్లలు దోస్తు కోసం ఉరికిపోతారు. ఇక్కడ ఉరికితే దోస్తుకే నష్టం.

మరి రెఫరీదే తప్పయితే?

రెఫరీ కూడా మనిషే, తప్పు జరుగుతుంది. నిబంధనలు ఆ మాట కాదనవు. దేనికి ఏ దారి ఉందో మాత్రం విడివిడిగా చెప్తాయి.

స్కోర్ తప్పు రాశారా, ఫౌల్స్ సంఖ్య తప్పుందా, టైం అవుట్ల లెక్క తప్పిందా? ఆట ఆగినప్పుడు కోచ్ టేబుల్ దగ్గరికి వెళ్లి లెక్కలు చూసుకోవచ్చు. ఇలాంటి రాత తప్పులను క్రూ చీఫ్ స్కోర్ షీట్ మీద సంతకం పెట్టేలోపు ఎప్పుడైనా సరిదిద్దొచ్చు. ఇవ్వాల్సిన ఫ్రీ త్రో ఇవ్వకపోయినా, ఇవ్వకూడనిది ఇచ్చినా సరిదిద్దడానికి గడువు చాలా తక్కువ. గడియారం మళ్లీ నడిచాక బంతి మొదటిసారి ఆగి, తిరిగి ఆటలోకి వచ్చేలోపే గుర్తించాలి. అందుకే మంచి కోచ్ అరవడానికి బదులు పక్కన ఒకరిని లెక్క రాయడానికి కూర్చోబెడతాడు.

పెద్ద పోటీల్లో వీడియో ఉంటే హెడ్ కోచ్‌కు మ్యాచ్‌కు ఒకసారి 'ఛాలెంజ్' ఉంది. గాలిలో చేతులతో దీర్ఘచతురస్రం గీసి అడుగుతాడు. మన స్కూల్ గ్రౌండ్లలో ఆ సౌకర్యం లేదు.

మ్యాచ్ అయ్యాక ఫలితం మీదే అభ్యంతరం ఉంటే ప్రొటెస్ట్ పెట్టొచ్చు. ఆట ముగిసిన 15 నిమిషాల్లోపు కెప్టెన్ క్రూ చీఫ్‌కు చెప్పి, స్కోర్ షీట్‌లో ఆ గడిలో సంతకం పెట్టాలి. కారణాలు గంటలోపు రాసివ్వాలి. ఏ కారణాలు చెల్లుతాయంటే, స్కోర్ లేదా గడియారం లెక్కలో సరిదిద్దని తప్పు, ఆటను రద్దు చేయడం లేదా వాయిదా వేయడం లాంటి నిర్ణయం, అర్హత లేని ఆటగాణ్ని ఆడించడం. 'అది ఫౌల్ కాదు' అన్నది ఈ జాబితాలో లేదు. రెఫరీ కంటితో చూసి ఇచ్చిన తీర్పు మీద ప్రొటెస్ట్ చెల్లదు.

ప్రపంచం మొత్తం చూసిన ఫిర్యాదు

బెంచీ ఫిర్యాదు ఎంత దూరం పోతుందో చూడాలంటే 1972 మ్యూనిక్ ఒలింపిక్స్ ఫైనల్ గుర్తుచేసుకోవాలి. అమెరికా, సోవియట్ యూనియన్ తలపడ్డాయి. అప్పటిదాకా ఒలింపిక్స్‌లో అమెరికా బాస్కెట్‌బాల్ జట్టు ఒక్క మ్యాచ్ కూడా ఓడలేదు. మూడు సెకన్లు ఉండగా డగ్ కాలిన్స్ రెండు ఫ్రీ త్రోలు వేసి అమెరికాను 50-49తో ముందుంచాడు.

ఆట మళ్లీ మొదలైంది. మేం టైం అవుట్ అడిగాం, టేబుల్ ఇవ్వలేదు అంటూ సోవియట్ కోచ్‌లు టేబుల్ దగ్గరికి ఉరికారు. ఆట ఆగింది. అప్పుడు ఫిబా ప్రధాన కార్యదర్శి విలియం జోన్స్ కిందికి వచ్చి గడియారం మూడు సెకన్లకు తిప్పమన్నారు. మ్యాచ్ మధ్యలో అలా చెప్పే అధికారం ఆయనకు ఎక్కడిదని ఇప్పటికీ విమర్శ ఉంది. గడియారం సరిచేయకముందే ఒకసారి ఆట మొదలై ఆగింది, గెలిచామని అమెరికన్లు గంతులేశారు. మళ్లీ మూడు సెకన్లు పెట్టి ఆడించారు. ఈసారి అలెగ్జాండర్ బెలోవ్ బంతి అందుకుని బుట్టలో వేశాడు. 51-50, సోవియట్ గెలిచింది.

మ్యాచ్ రెఫరీల్లో ఒకరైన బ్రెజిల్‌కు చెందిన రెనాటో రిగెట్టో స్కోర్ షీట్ మీద సంతకం పెట్టడానికి ఒప్పుకోలేదు. అమెరికా ప్రొటెస్ట్‌ను ఐదుగురి జ్యూరీ 3-2తో కొట్టేసింది. అమెరికా ఆటగాళ్లు వెండి పతకాలు తీసుకోలేదు, ఇప్పటికీ తీసుకోలేదు. ఫిర్యాదు ఎవరు వినాలి, ఎప్పుడు వినాలి, గడియారం మీద ఎవరి మాట చెల్లాలి అన్నది మైదానంలో తేలకపోతే గాయం యాభై ఏళ్లయినా మానదు.

హిజాబ్ విషయంలో ఏం జరిగింది

మన ఆడపిల్లలకు సంబంధించిన సంగతి ఒకటి ఇందులోనే ఉంది. 2014లో దక్షిణ కొరియాలోని ఇంచియాన్ ఆసియా క్రీడల్లో ఖతర్ మహిళల జట్టు హిజాబ్‌తో కోర్టులోకి వచ్చింది. తీసేయాలన్నారు. అప్పటి నిబంధన తలకు అలాంటివి కట్టుకోవడాన్ని ఒప్పుకోలేదు. ఆ అమ్మాయిలు రెఫరీలతో కలబడలేదు, హిజాబ్ తీయడానికీ ఒప్పుకోలేదు. మంగోలియాతో మ్యాచ్ వదులుకుని పోటీ నుంచి తప్పుకున్నారు.

ఆరోజు రెఫరీ చేతిలో ఏమీ లేదు, నిబంధన రాసింది అతను కాదు. కాబట్టి ఒత్తిడి రాసినవాళ్ల మీదికి మళ్లింది. వేర్వేరు దేశాల ఆటగాళ్లు, సంఘాలు ఫిబాను అడుగుతూ పోయాయి. 2017 మేలో నిబంధన మార్చారు, ఆ ఏడాది అక్టోబర్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఇప్పుడు తల కప్పుకుని ఆడొచ్చు. షరతులు కొన్ని ఉన్నాయి. జట్టులో అందరి ఉపకరణాలూ ఒకే రంగువి ఉండాలి. ముఖం ఏ కొంచెమూ కప్పకూడదు. పిన్నులు, ముడులు లాంటివి బయటికి పొడుచుకు రాకూడదు. మెడ దగ్గర తెరిచి మూసేవి ఉండకూడదు.

మీ అమ్మాయి ఆడుతుంటే ఈ షరతులు ముందే కోచ్‌కు చెప్పి, ప్రింట్ తీసి బ్యాగులో పెట్టండి. ఎవరైనా ఆపితే ఆట మొదలవ్వకముందే హెడ్ కోచ్ రెఫరీకి మర్యాదగా చూపించొచ్చు. ఫలానా చోట ఇలా రాసుంది సార్ అంటే అది సమాచారం. అదే మాట ఆట మధ్యలో కేకలేసి చెప్తే పిల్ల కోర్టులో బిక్కమొఖం వేసుకుని నిలబడుతుంది.

సీటీ, బెంచీ రెండూ తెలిసిన ఇల్లు

మన హైదరాబాద్‌లో దీనికి మంచి ఉదాహరణ ఉంది, ఆట వేరు అయినా. సయ్యద్ అబ్దుల్ రహీం సాబ్ మామూలు స్కూల్ టీచర్‌గా మొదలై భారత ఫుట్‌బాల్ జట్టు కోచ్ అయ్యారు. 1956 ఒలింపిక్స్‌లో మన జట్టును నాలుగో స్థానానికి, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకానికి చేర్చారు. 'మైదాన్' సినిమా ఆయన మీదే. ఆయన కొడుకు సయ్యద్ షాహిద్ హకీం 1960 రోమ్ ఒలింపిక్స్ జట్టులో ఉన్నారు, తర్వాత కోచ్ అయ్యారు, ఫిఫా గుర్తింపు ఉన్న రెఫరీ కూడా అయ్యారు. 2017లో ధ్యాన్‌చంద్ అవార్డు అందుకున్నారు, 2021లో కన్నుమూశారు. బెంచీ మీద కూర్చున్నవాడి గుండె వేగం, సీటీ పట్టుకున్నవాడి ఒత్తిడి రెండూ ఆ ఒక్క మనిషికి తెలుసు. మన పిల్లల్లో ఆట నుంచి రెఫరీ వైపు వెళ్లేవాళ్లు తక్కువ. పరీక్షలు రాసి, చిన్న పోటీల నుంచి మొదలుపెట్టి పైకి వెళ్లే దారి అందులోనూ ఉంది.

ఇంట్లో మనం ఏం చేయాలి

గ్యాలరీలో కూర్చున్న అబ్బా అరిస్తే టెక్నికల్ ఫౌల్ రాదు, బెంచీలో అతని పేరు లేదు కాబట్టి. కానీ బెంచీ మీద పిల్లవాడు మాత్రం నాన్న ఏం చేస్తున్నాడో చూస్తుంటాడు. నాన్న రెఫరీని తిడితే, తిట్టొచ్చన్నమాట అని నేర్చుకుంటాడు. తర్వాత 18 సెకన్లు మిగిలి ఉన్నప్పుడు ఆ చదువే నోటికొస్తుంది. ఇంటికి వచ్చాక "రెఫరీ మోసం చేశాడు" అనే ముందు "ఆ సీటీ ఎందుకు కొట్టాడో నీకు తెలుసా?" అని ఒకసారి అడిగి చూడండి.

మావాడికి ఇదంతా చెప్పడానికి దాదాపు గంట పట్టింది. చివర్లో కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అడిగాడు.

"అంటే మామూ, వాడు అరిచింది మా సార్ ఖాతాలో పడ్డదా?"

పడింది బేటా, అన్నాను.

"మరి సార్ వాణ్ని ఒక్క మాట కూడా అనలే. బస్సులో పక్కన కూర్చోబెట్టుకున్నడు."

ఆ రిజర్వ్ పిల్లవాడు రెండ్రోజులుగా స్కూల్‌కు రావట్లేదట. రేపు వాళ్లింటికి వెళ్లి తీసుకొస్తానన్నాడు మావాడు.